అగ్నిమాపక వీరుడు జేమ్సు బ్రెయిడ్వుడ్డు

ధైర్యవంతుని మెచ్చుకొనుట లోకస్వభావము. ఇల్లు కాలుచుండగా ఎవడైనను వెనుకముందు చూడక మంటలలోనికి దుమికినచో, చూచుచున్న జనులు వానిని శూరుడని పొగడుదురు. వాడు మరలి రాకున్నచో కంట తడి పెట్టుకొని వీరస్వర్గము నందెనని చెప్పుకొందురు. కాని వాడు దుమికినందువలన మంట చల్లారెనా, లోపల చిక్కుకొనినవారిలో ఒక్కడైనను బ్రతికి బయటికి వచ్చెనా యని విచారించువారు తక్కువ. ఈ విచారణనే తన జీవితకార్యముగా జేసికొని, తెగువకును నిజమైన ధైర్యమునకును గల భేదమును రెండు మహానగరములకు నేర్పిన మహనీయుడు జేమ్సు బ్రెయిడ్వుడ్డు. ఆయన చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

బ్రెయిడ్వుడ్డు 1800 సంవత్సరమున స్కాట్లండు దేశపు ముఖ్యపట్టణమగు ఎడింబరోయందు జన్మించెను. ఆ నగరమందలి ఉన్నత పాఠశాలలో చదువుకొని, పిదప తండ్రి వ్యాపారమున ప్రవేశించి, భూమిని కొలుచుటయు, ఇండ్లు కట్టుటయు నేర్చుకొనెను. గోడ ఎట్లు నిలుచునో, దూలము దేనిపై ఆనియుండునో, ఏది తొలగించినచో ఏది కూలునో ఆయనకు చిన్ననాటనే బోధపడెను. ఇల్లు కట్టువిధము తెలిసినవానికే ఇల్లు కాలువిధమును తెలియును. ఈ విద్యయే ఆయనకు ముందుముందు మిక్కిలి ఉపకరించెను.

ఆ కాలమున నగరములయందు అగ్నిమాపక దళములు నేటివలె ఉండెడివి కావు. ఇండ్లకు భీమా చేయు కంపెనీలు తమ తమ యంత్రములను వేరు వేరుగ నుంచుకొనుచుండెను. ఒక కంపెనీవారు ఇంకొక కంపెనీవారి యాజ్ఞను లెక్కచేయకుండిరి. నిప్పంటుకొనిన చోట ఒకే వేళ పదిమంది పదివిధముల ఆజ్ఞలిచ్చుచుందురు. తోలుగొట్టమును పట్టుకొని వీథిలో నిలిచి, పొగ కనబడినవైపునకు నీరు చిమ్ముటయే మంటలార్పుట యని అందరును తలచుచుండిరి. ఆ నీటిలో ఎక్కువ భాగము గోడలకు తగిలి క్రిందికి కారిపోవుచుండెను. మంట తన పని తాను చేసికొని పోవుచుండెను. ఈ యవ్యవస్థను తొలగింపదలచి ఎడింబరో నగరమువారు 1824వ సంవత్సరమున యంత్రముల నన్నిటిని ఒక్క దళముగా జేర్చి, దానికి బ్రెయిడ్వుడ్డును నాయకునిగా నియమించిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదినాలుగేండ్లు మాత్రమే.

నియామకము జరిగిన కొలది వారములకే ఆయనకు గొప్ప పరీక్ష వచ్చెను. 1824 నవంబరు 15వ తేదీ రాత్రి ఎడింబరో హైస్ట్రీటునకు ప్రక్కనున్న ఇరుకు సందులో నిప్పు పుట్టెను. అక్కడి ఇండ్లు అనేక అంతస్తులతో, ఒకదానినొకటి ఆనుకొని, ఆకాశము కనబడనంత దగ్గరగా నుండెను. దళమువారికి ఇంకను సరియైన శిక్షణ లేదు. దానికి తోడు నగరాధికారులును, న్యాయాధికారులును, ఊరి పెద్దమనుష్యులును అక్కడికి వచ్చి ఎవరికి తోచిన యాజ్ఞ వారు జారీ చేయుచుండిరి. ఒకడు గొట్టమును ఇటు త్రిప్పుమనును, వేరొకడు అటు త్రిప్పుమనును. భటులు ఎవరి మాట వినవలయునో తెలియక తికమకపడిరి. మరునాడు ట్రాన్ దేవాలయ శిఖరము సైతము అంటుకొని కూలిపోయెను. ఆ యగ్ని కొన్ని దినములు చెలరేగి సుమారు 400 కాపురముల నివాసములను కాల్చివేసెను. ఇద్దరు అగ్నిమాపక భటులతో గూడ పదిమందికి పైగా మరణించిరి.

జనులు మొదట బ్రెయిడ్వుడ్డునే నిందించిరి. కాని విచారణ జరుగగా దోషము ఆయనది కాదనియు, అధికారము పలువురి చేతులలో చీలిపోవుటయే కారణమనియు తేలెను. నాటినుండి అగ్నిస్థలమున దళనాయకుని యాజ్ఞ యొక్కటియే చెల్లవలయునని నిర్ణయింపబడెను. ఈ యధికారమును పొంది బ్రెయిడ్వుడ్డు గర్వపడలేదు. మందిని తీర్చిదిద్దుటకు పూనుకొనెను.

ఆయన ఎన్నుకొనిన వారెవరనగా, పదునేడు మొదలు ఇరువదియైదేండ్ల వరకు వయస్సుగల తాపీవారు, వడ్రంగులు, కమ్మరులు, ఇంటికప్పులు వేయువారు మున్నగు పనివారు. వారికి ఇంటి కట్టడము తెలియును. ఎత్తైన చోట నిలుచుట అలవాటు. నగరమును భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగపు యంత్రమునకు ఒక్కొక్క రంగు వేయించెను. ఎరుపు, నీలము, పసుపు, బూడిదరంగు అను భేదమువలన ఎంతటి గందరగోళమునందైనను ఏ యంత్రము ఎవరిదో తెలిసిపోవును. మంటల రొదలో మాట వినబడదు గనుక ఈల ధ్వనులతో ఆజ్ఞలనిచ్చు పద్ధతిని కల్పించెను. తలకు దెబ్బ తగులకుండ తోలు టోపీ నిచ్చి, మెడమీద నీరు, నిప్పురవ్వలు పడకుండ దానికి వెనుకవైపున తోలుపట్టిని వ్రేలాడదీయించెను.

అన్నిటికంటె ముఖ్యమైనది శిక్షణ. వారమునకొకసారి తెల్లవారకముందే భటులందరు చేరి యంత్రములతో అభ్యాసము చేయవలెను. ఆ వేళ వీథులలో రద్దీ యుండదు. పైగా నిప్పు పుట్టునది తరచుగా చీకటిలోనే గనుక చీకటిలోనే పని యలవడవలెను. నిచ్చెన లెక్కుట, త్రాళ్లతో దిగుట, దేహబలమును పెంచు వ్యాయామములు మున్నగునవి క్రమముగా జరుగుచుండెను. ఎత్తునుండి క్రిందికి చూచినను తల తిరుగనివానికే మంటలనడుమ బుద్ధి స్థిరముగ నుండునని ఆయన ఎరుగును. ధైర్యమనునది ఆపదవేళ ఆకాశమునుండి ఊడిపడునది కాదు. నిత్యాభ్యాసముచేత ముందుగనే కూడబెట్టుకొనవలసిన ధనము. ఇది ఆయన దృఢవిశ్వాసము.

బ్రెయిడ్వుడ్డు మంటలార్పు పద్ధతినే మార్చివైచెను. వీథిలో నిలిచి దూరమునుండి నీరు చిమ్ముట ఆయనకు నచ్చలేదు. గొట్టమును ఇంటిలోనికి గొనిపోయి, నిప్పు పుట్టిన మూలస్థానమునందే నీరు పడునట్లు చేయవలయునని ఆయన బోధించెను. ఇది వినుటకు మిక్కిలి సాహసకార్యమువలె తోచును. ఆయన ఈ పనిని సాహసమునకు విడువక నియమములతో బంధించెను. ఎవ్వడును ఒంటరిగా లోపలికి పోరాదు; ఇద్దరు కలిసియే పోవలెను. ఒకడు పొగచేతనో అలసటచేతనో పడిపోయినచో రెండవవాడు వానిని ఈడ్చుకొని రావలెను. పొగ నిండిన గదిలో నిలువుగా నడువక, చేతులు మోకాళ్లు నేలకాన్చి తల వంచి ప్రాకవలెను. ఏలయన వేడిపొగ పైకి లేచును. నేలకు జానెడెత్తున కొంత మంచిగాలి మిగిలియుండును. తలుపులను కిటికీలను తెరచినకొలది గాలి చొచ్చి మంటను పెంచును గాన, వానిని వీలైనంతవరకు మూసియుంచవలెను. లోపల ప్రవేశింపకముందే మరలివచ్చు దారిని చూచుకొనవలెను. అవసరములేక ప్రాణమును ఒడ్డుట ఆయన దళమున మెచ్చదగిన గుణము గాదు, అది నిషిద్ధము.

ఇట్లు చెప్పినవాడు పిరికివాడేమో యని ఎవరైనను అనుమానింపవచ్చును. ఆయన జీవితమునందలి ఒక సంగతి ఆ యనుమానమును తీర్చును. ఎడింబరోలో నొక ఇనుపసామానుల అంగడి కాలుచుండెను. లోపల తుపాకిమందు పీపాలున్నవని తెలిసెను. అవి పేలినచో చుట్టుపట్లనున్న వారందరు నశింతురు. బ్రెయిడ్వుడ్డు ఈ పనికి మరియొకనిని పంపలేదు. తానే లోపలికి పోయి ఒక పీపాను మోసికొని వచ్చెను. మరల పోయి రెండవదానిని తెచ్చెను. ఇది తెగువ గాదా యని అడుగవచ్చును. కాని ఇందలి భేదమును గమనింపవలెను. ఆయన ప్రాణమును ఒడ్డినది చప్పట్లకు గాదు. ఒడ్డకున్నచో కలుగు నష్టము ఒడ్డుటవలని యపాయముకంటె పెద్దదని తూచి చూచెను. ఆ యపాయమును తన క్రిందివారిపై త్రోయక తానే తలకెత్తుకొనెను.

ఆయనకు లభించిన సత్కారములలో ఒకటి ప్రత్యేకముగా చెప్పదగినది. ఎత్తైన ఇండ్లలో చిక్కుకొనినవారిని దింపుటకు ఆయన ఒక గొలుసు నిచ్చెనను కల్పించి, దాని వర్ణనమును లండనులోని కళాసంఘమువారికి పంపగా, వారు వెండి పతకమునిచ్చి గౌరవించిరి. మంటలోనికి దుమికినందుకు గాదు, దుముకవలసిన యక్కర లేకుండ జేసినందుకు లభించిన పతకమది. 1830లో ఆయన అగ్నిమాపక యంత్రముల నిర్మాణమును గూర్చియు, భటుల శిక్షణమును గూర్చియు ఒక గ్రంథమును ప్రకటించెను. దానివలన ఆయన కీర్తి స్కాట్లండును దాటి వ్యాపించెను.

ఆ కాలమున లండను నగరపు స్థితి వేరుగ నుండెను. అక్కడ ప్రతి పేటయు ఒక యంత్రమును ఉంచుకొనవలెనని పూర్వకాలపు చట్టము. నిప్పంటుకొనిన చోటికి మొదట వచ్చిన యంత్రమునకు 30 షిల్లింగులు, రెండవదానికి 20, మూడవదానికి 10 షిల్లింగులు బహుమానముగా నిచ్చుచుండిరి. చట్టము చేసినవారి యుద్దేశము మంచిదే. కాని వారు బహుమాన మిచ్చినది వచ్చుటకు మాత్రమే, ఆర్పుటకు గాదు. అందుచేత పలుచోట్ల పేటవారు యంత్రమును బాగుచేయుటయందు శ్రద్ధ వహింపక, దానిని ముందుగ ఈడ్చుకొని వచ్చి బహుమానము పుచ్చుకొనుటతో తృప్తినొందుచుండిరి. దేనికి బహుమానమిత్తుమో అదియే పెరుగునను సత్యమునకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు.

1833 జనవరి 1వ తేదీన లండనులోని పది భీమా కంపెనీలు తమ దళములను ఏకముచేసి, బ్రెయిడ్వుడ్డును ఎడింబరోనుండి పిలిపించి నాయకునిగా నియమించెను. దళమున నున్నవారు 80 మంది. అంత పెద్ద నగరమునకు ఈ సంఖ్య చాల తక్కువ. కావున ఒక్కొక్కని విలువయు ఎక్కువయ్యెను. లండనులో ఆయన ఓడలలో పనిచేసిన నావికులను దళమున చేర్చుకొనసాగెను. వారు రేయింబవళ్లు మేలుకొనియుండుటకును, త్రాళ్లను నిచ్చెనలను ఎక్కుటకును, అన్నిటికంటె ముఖ్యముగా ఆజ్ఞను వెంటనే శిరసావహించుటకును అలవాటుపడినవారు. తుఫానులో ఓడపై ఎవనికి తోచినట్లు వాడు పనిచేసినచో అందరును మునుగుదురు. మంటలయందును అట్లే.

యంత్రములను నడుపుట కష్టమైన పని. ఇరువైపులనున్న పొడవైన పిడులను ఇరువది ముప్పదిమంది పట్టుకొని ఎడతెగక పైకి క్రిందికి ఆడింపవలెను. దీనికి వీథిలోని జనులనే కూలికి పిలుచుచుండిరి. మొదటి గంటకు ఒక షిల్లింగు, తరువాత గంటకు ఆరు పెన్నీలు, త్రాగుటకు బీరు ఇచ్చుచుండిరి. శిక్షణ పొందిన భటులు తమ బలమును పిడులపై వ్యయపరుపక గొట్టము పట్టుకొని లోపలికి పోవు పనికి నిలుపుకొనుచుండిరి. ఏ పనికి ఎవరిని నియోగింపవలెనో తెలియుటయే నాయకత్వము.

1834 అక్టోబరు 16వ తేదీన లండనులోని పార్లమెంటు భవనములు అంటుకొనెను. పూర్వము లెక్కలకు వాడిన కొయ్యపుల్లలు పనికిరానివై పడియుండగా, వానిని ప్రభువుల సభ క్రిందనున్న పొయ్యిలలో అతిగా కాల్చుటచే ఆ యుపద్రవము సంభవించెను. ఆ భవనములకు భీమా లేదు. బ్రెయిడ్వుడ్డు దళమునకు అక్కడికి పోవలసిన బాధ్యత లేదు. అయినను ఆయన 12 యంత్రములతో 64 మందిని వెంటబెట్టుకొని వచ్చెను. చూచినంతనే రెండు సభాభవనములును చేయి దాటిపోయినవని ఆయన గ్రహించెను. వేలకొలది జనులు చూచుచుండగా ఆ మంటలతో పోరాడి పేరు పొందుట సులభమే. ఆయన అట్లు చేయలేదు. పోయినదానిని పోనిచ్చి, ఏడువందల యేండ్లకు పైబడిన వెస్టుమినిస్టరు హాలును కాపాడుటకు తన బలమునంతయు వినియోగించెను. యంత్రములను ఆ హాలులోనికే తెప్పించి, పైకప్పు దూలములు తడిసియుండునట్లు నీరు కొట్టించెను. గాలియు అనుకూలముగ మరలెను. ఆ పురాతన శాల నిలిచెను, నేటికిని నిలిచియున్నది.

మహనీయులయందును కొన్ని లోపములుండును. ఆవిరి బలముతో నడచు అగ్నిమాపక యంత్రము 1829లోనే లండనులో నిర్మింపబడినను, బ్రెయిడ్వుడ్డు దానిని చాలకాలము అంగీకరింపలేదు. అతిబలమైన నీటిధార లభించినచో భటులు మరల వీథిలో నిలిచి దూరమునుండి నీరు చిమ్ము పాత దురభ్యాసమునకు దిగుదురని ఆయన భయము. ఆ భయమునకు కారణము లేకపోలేదు. కాని భూమిపై నడచు ఆవిరియంత్రము ఆయన దళమున ప్రవేశించుటకు 1860వ సంవత్సరము రావలసివచ్చెను. జాగ్రత్త సైతము మితిమీరినచో క్రొత్త సాధనములను ఆలస్యపరచునని దీనివలన తెలియుచున్నది.

మరియొక విషయమున మాత్రము ఆయన జాగ్రత్తను లోకము వినియుండవలసినది. థేమ్సు నదీతీరమున వర్తకులు కట్టుచుండిన గిడ్డంగులు నానాటికి పెద్దవగుచుండెను. అనేక అంతస్తులు గలిగి, లోపల అడ్డుగోడలు చాలక, దేశదేశముల సరకులతో నిండియున్న అట్టి కట్టడము ఒకసారి పూర్తిగా అంటుకొనినచో దానిని ఆర్పుట ఏ యంత్రమునకును శక్యము గాదని ఆయన పలుమారులు హెచ్చరించెను. ప్రాణములు దక్కవలెనన్నచో మంట పుట్టిన పిదప చూపు శౌర్యము చాలదు. మంట పుట్టకముందు కట్టు గోడ కావలెను. ఆయన మాట చాలమంది చెవికెక్కలేదు.

1861 జూను 22వ తేదీ శనివారము సాయంకాలము లండను వంతెన సమీపమున టూలీ వీథిలోని గిడ్డంగులలో నిప్పు పుట్టెను. జనపనార, ప్రత్తి, కొవ్వు, చక్కెర, సురేకారము మున్నగు సరకులు అందు నిండియుండెను. ఒక భాగమునుండి ఇంకొక భాగమునకు మంట పోకుండ అమర్చిన ఇనుపతలుపులు ఆనాడు మూయబడక తెరచియుండెను. మంట ఆ దారిని పట్టుకొని వ్యాపించెను. నదిలో పోటు లేక నీరు తగ్గియుండుటచే నదిపైనుండి పనిచేయు యంత్రములు దగ్గరకు రాలేకపోయెను. బ్రెయిడ్వుడ్డు దేనిని గూర్చి ఏండ్ల తరబడి హెచ్చరించెనో అదియే కన్నులయెదుట జరుగుచుండెను.

అప్పటికి ఆయనకు అరువదియేండ్లు. వేడిమిచే భటులు సొమ్మసిల్లుచుండిరి. ఆయన వారి నడుమ తిరుగుచు, అలసినవారికి సేదదీర్చుకొనుటకు పానీయమిప్పించుచుండెను. చేతికి గాయమైన యొక భటునికి తన మెడనున్న పట్టురుమాలు విప్పి కట్టుకట్టెను. మరికొందరు భటుల స్థితిని చూచుటకై ఆయన ముందుకు పోవుచుండగా, గిడ్డంగి గోడ ఉబ్బి ఒక్కసారిగా కూలి ఆయనను, ఆయనతోనున్న మరియొకనిని కప్పివైచెను. తీవ్రమైన వేడిమిచే ఆయన శరీరమును దినముల తరబడి వెలికి తీయుట సాధ్యము గాలేదు. ఆ యగ్ని పూర్తిగా చల్లారుటకు సుమారు రెండు వారములు పట్టెను.

జూను 29వ తేదీన జరిగిన ఆయన అంత్యయాత్ర సుమారు ఒకటిన్నర మైలు పొడవుండెను. నగరమునందలి అంగళ్లు మూయబడెను. దేవాలయములయందు గంటలు మ్రోగెను. ఆరేండ్లకు పూర్వము అగ్నిమాపక భటుడుగానే ప్రాణములు గోల్పోయిన సవతికుమారుని సమాధి చెంతనే ఆయనను పూడ్చిపెట్టిరి. బ్రెయిడ్వుడ్డు భటుల ప్రాణములను గూర్చి అంత జాగ్రత్త వహించుటకు ఆయన ఇంటిలోని దుఃఖమును ఒక కారణమై యుండవచ్చును.

ఆయన మరణము వ్యర్థము గాలేదు. ఆ యగ్నివలన సుమారు 20 లక్షల పౌనుల నష్టము కలిగెను. ఒక మహానగర రక్షణభారము తమవలన గాదని భీమా కంపెనీలు ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. 1865లో పార్లమెంటు చట్టము చేయగా, 1866 మొదలు లండను నగరమునకు ప్రజల ధనముతో నడచు అగ్నిమాపక దళము ఏర్పడెను. పుట్టిన నగరమగు ఎడింబరోలో 2008వ సంవత్సరమున ఆయన విగ్రహము ప్రతిష్ఠింపబడెను.

ప్రాణమును వృథాగ ఒడ్డరాదని నేర్పినవాడే మంటల యొద్ద మరణించుట విరుద్ధముగ గనబడవచ్చును. ఆలోచించినచో విరోధము లేదు. ఆయన తన భటులకు అపాయము లేదని ఎన్నడును బోధింపలేదు. అపాయమును తగ్గించు మార్గమునే బోధించెను. ఆయనను చంపినది ఆయన తెగువ గాదు. తెరచియుంచిన తలుపులు, మితిమీరిన గిడ్డంగులు, వినబడని హెచ్చరికలు. తలుపు మూయుమని చెప్పువానిని విసుగుకొని, మంటలలో చచ్చినవానికి పూలమాల వేయు సంఘము తన వీరులను తానే చంపుకొనుచున్నది.

కాబట్టి విద్యార్థులారా, మనము ఎవరిని మెచ్చుకొనుచున్నామో చూచుకొందముగాక. పందిరిదగ్గర పొయ్యి రాజుకొనకముందే కుండెడు నీరు దాపున ఉంచిన తల్లియు, సంతవేళ అంగడి మూయునపుడు దీపము మలిపి మరియొకసారి చూచు బాలుడును, ఎవ్వరును చూడకున్నను తన గొట్టమును ఎండబెట్టి చుట్టిపెట్టు భటుడును వార్తాపత్రికలకెక్కరు. వారివలన జరుగకపోయిన యనర్థములను లెక్కించువారు లేరు. అయినను నిజమైన గౌరవము వారికి చెల్లవలసినది. బ్రెయిడ్వుడ్డు తన జీవితమున ముప్పదియారు సంవత్సరములు ఇట్టి నిశ్శబ్దమైన ధర్మమునకే ధారపోసెను. ఆయనను స్మరించుట యనగా ఆ ధర్మమును మన ఇంటను, పాఠశాలయందును పాటించుటయే.